ఉల్లిపొర తీసేముందు

చి. సుధకు, మేనత్త ఆశీస్సులు.

వచ్చే వారం తొమ్మిదో తరగతికి కణకవచం, అంటే కణం చుట్టూ ఉండే గోడ, పాఠం చెప్పాలని రాశావు. నిర్వచనం బోర్డు మీద రాసి మొదలుపెట్టకు. కణకవచాన్నీ, దాని లోపల కణాన్ని చుట్టి ఉండే పల్చటి ప్లాస్మా పొరనూ పిల్లలు కలగాపులగం చేసేది అక్కడే.

పప్పుతో మొదలుపెట్టు. బోరునీళ్లలో కందిపప్పు ఎందుకు ఉడకదని అడుగు. మొక్కల్లో పక్కపక్క కణాల గోడల్ని అంటించి ఉంచేది పెక్టిన్. ఆ నీళ్లలోని కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది, పప్పు పలుకులుగానే ఉండిపోతుంది. చింతపండు ముందే వేసినా అంతే, పులుపులో పెక్టిన్ తొందరగా కరగదు. గోడకు గట్టిదనమిచ్చే సెల్యులోజ్ సంగతి ఆ తర్వాత చెప్పు. ఎంత ఉడికించినా అది కరగదు, మనకు అరగదు కూడా.

ఇక మైక్రోస్కోపు. ఎర్ర ఉల్లిపాయే తీసుకో. రంగంతా రేకు వెలుపలి పొరలో ఉంటుంది, లోపలి పొర ఈ పనికి కుదరదు. నీటిచుక్కలో పరిచి కవర్‌స్లిప్ పెట్టు. ఒక అంచున ఉప్పునీటి చుక్క వేసి, రెండో అంచున అద్దుడు కాగితంతో పీల్చు. అరగ్లాసు నీళ్లకు చెంచాడు ఉప్పు చాలు. కాసేపటికి రంగు గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. గోడ మాత్రం ఎక్కడిదక్కడే.

అయోడిన్ ముందే వెయ్యకు. కొత్తలో, బాగా కనపడుతుందని నేను వేశాను. కణాలు చచ్చిపోయాయి, ఏదీ కదల్లేదు. పీరియడంతా “ఏం చూడాలి మేడం?” అని పిల్లలు అడుగుతూనే ఉన్నారు.

రంగు ముడుచుకున్నాక, గోడకూ దానికీ మధ్య ఏముందని అడుగు. “ఖాళీ” అంటారు. నిజానికి అక్కడుంది ఉప్పునీళ్లే! కణకవచం ఉప్పును ఆపదు, ఆపేది దాని లోపలున్న ప్లాస్మా పొర. ఇక్కడ పది నిమిషాలు పోయినా పోనీ. తర్వాత మంచినీళ్లు వేస్తే కణం మళ్లీ ఉబ్బి గోడను ఒత్తుతుంది.

గోడ లేకపోతే ఏమయ్యేదని ఎవరైనా అడిగితే పెన్సిలిన్ గురించి చెప్పు. బాక్టీరియా గోడ కట్టుకోకుండా అది అడ్డుపడుతుంది, నీళ్లు చొరబడి బాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు గోడే లేదు కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. శిలీంధ్రాల గోడ కైటిన్ అనే పదార్థంతో ఉంటుందని ఒక్క ముక్క చెప్తే సరి. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసినవి ఖాళీ గోడలేనని కూడా వీలుంటే చెప్పు.

“ఖాళీ” అన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి నాకు రాయి.

మీ అత్త