నాన్న పోయింది పట్నంలో, సర్టిఫికెట్ ఊళ్లో రాయించుకోవచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాన్న రైతు, వయసు 56. ఎనిమిది నెలల కింద రాత్రిపూట గుండెనొప్పి వస్తే నల్లగొండ తీసుకుపోయారు, అక్కడి నుంచి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. రెండో రోజు తెల్లవారుజామున చనిపోయారు. నేను ముంబైలో పనిలో ఉన్నాను, చివరి చూపు కూడా దక్కలేదు. ఆసుపత్రిలో ఉన్నది మా బావ. భూమి గొడవ వల్ల కాగితాలు ఇవ్వడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. పంచాయతీ కార్యదర్శి 'ఇక్కడ చనిపోలేదు కదా' అన్నారు. మీసేవలో రికార్డు దొరకలేదన్నారు. తెలిసిన ఒకాయన డబ్బులిస్తే ఇంట్లోనే చనిపోయినట్టు రాయించి సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. రైతు బీమా, విరాసత్ (భూమిని వారసుల పేరిట మార్చడం) రెండూ ఆగిపోయాయి. బావ మీద కేసు వేయమంటారా?
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరం మీ బావ మీద కేసు మాటతో ముగిసింది. ఆ గొడవ పక్కన పెట్టండి. మీ పని తేల్చేది ఒక్కటే సంగతి: మీ నాన్న ఎక్కడ కన్నుమూశారు? హైదరాబాద్‌లో, ఆసుపత్రి మంచం మీద. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడి రిజిస్ట్రారే నమోదు చేయాలి. సొంతూరు ఏది, దహనం ఎక్కడ చేశారు, ఆధార్‌లో ఏ అడ్రస్ ఉంది అన్నవి లెక్కలోకి రావు. మీ కార్యదర్శి చెప్పింది సరైన మాటే, ఆయన మీద కోపం పెట్టుకోకండి.

ఇంట్లో పోతే కబురు ఇవ్వాల్సింది ఇంటి పెద్ద. ఆసుపత్రిలో పోతే ఆ బాధ్యత అక్కడి ఇన్‌చార్జి మెడికల్ ఆఫీసర్‌ది. గడువు 21 రోజులు. అంటే మీ నాన్న మరణం ఈపాటికే నమోదై ఉండే అవకాశం ఎక్కువ. ఎనిమిది నెలలుగా మీరు కొత్త సర్టిఫికెట్ ఎలా పుట్టించాలా అని తిరుగుతున్నారు. ఉన్న ఎంట్రీ వెతుక్కోవాలన్న ఆలోచన రాలేదు. బావ దాచుకున్నది కాగితాలనే, రిజిస్టర్‌ను కాదు. రుసుము కట్టి రిజిస్టర్ వెతికించమని అడిగే హక్కు 17వ సెక్షన్ ఎవరికైనా ఇచ్చింది. అక్కడ తీసుకున్న సర్టిఫికెట్ కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. కాబట్టి బావ మీద కేసు అవసరం లేదు.

మరి మీసేవలో ఎందుకు దొరకలేదు? ఏ పేరుతో వెతికించారు? అర్ధరాత్రి క్యాజువాల్టీ కౌంటర్‌లో రాసుకునేది పక్కనున్న మనిషి నోటితో చెప్పిన పేరే. ఊళ్లో యాదయ్య అని పిలిచే మనిషి ఆధార్‌లో యాదగిరి. ఇంటిపేరు ముందు రాయొచ్చు, వెనక రాయొచ్చు, అసలే రాయకపోవచ్చు. 56 ఏళ్లు 60 కావొచ్చు. తేదీ సంగతి ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున మూడింటికి పోతే మనవాళ్లు 'నిన్న రాత్రి పోయిండు' అంటారు. కానీ ఆసుపత్రి లెక్కలో పన్నెండు దాటితే తర్వాతి తేదీ. ఈ ఒక్క రోజు తేడాకే కంప్యూటర్ 'లేదు' అంటుంది. అందుకని మీసేవను నమ్ముకుని కూర్చోకుండా, ఆ ఆసుపత్రి ఏ మున్సిపల్ సర్కిల్ కిందికి వస్తుందో కనుక్కుని ఆ ఆఫీసుకే వెళ్లండి. తేదీకి రెండు రోజులు అటూ ఇటూ, ఆసుపత్రి పేరు మీద వెతికించండి.

దానికంటే ముందు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ విభాగానికి మీ అమ్మగారి సంతకంతో రాతపూర్వక దరఖాస్తు ఇవ్వండి. మూడు అడగండి: ఐపీ నంబర్ (ఇన్‌పేషెంట్‌గా చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబర్), కేస్ షీట్ (చికిత్స వివరాలు రాసిన కాగితం) కాపీ, మరణ కారణాన్ని ధ్రువీకరించిన ఫారం కాపీ. ఆ చివరి కాపీని దగ్గరి బంధువుకు ఇవ్వాలని నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ చెబుతోంది. మరణ ధ్రువపత్రం మీద కారణం రాయరు, చట్టమే వద్దంది. అందుకే బీమాకు ఈ ఫారం విడిగా దగ్గర ఉండాలి. వైద్య నియమావళి, 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. ఆ మూడేళ్లు దాటితే అడగడానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఎంట్రీ దొరికి పేరు తప్పుగా ఉంటే భయం వద్దు. నమోదు చట్టం 15వ సెక్షన్ కింద దిద్దుతారు. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు విషయం తెలిసిన ఇద్దరు నమ్మకస్తుల డిక్లరేషన్ పెట్టుకోండి.

ఒకవేళ ఆసుపత్రి అసలు పంపనే లేదని తేలితే, ఇక్కడే గడువు చూడండి. 30 రోజులు దాటి ఏడాది లోపు అయితే నిర్ణీత అధికారి రాతపూర్వక అనుమతి, ఆలస్య రుసుముతో నమోదు అవుతుంది. ఏడాది దాటితే జిల్లా మెజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్ లేదా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. విచారణ, వాయిదాలు, తిరుగుడు. మీకు నాలుగు నెలలే ఉన్నాయి.

ఇప్పుడు ఆ తెలిసిన ఒకాయన సంగతి. ఆయన గడప తొక్కకండి. ఇంట్లో పోయినట్టు రాయిస్తే ఒకే మనిషికి రెండు మరణాలు నమోదవుతాయి, ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి ఊళ్లో. బీమా విచారణకు వచ్చిన మనిషి మీ వాడలో ఎవరిని అడిగినా 'పట్నంల పోయిండు, అంబులెన్స్‌ల తెచ్చిండ్రు' అనే చెబుతారు. మోసంతో చేసిన ఎంట్రీని రిజిస్ట్రార్ రద్దు చేయొచ్చు. నిజంగా రావాల్సిన సొమ్ము అబద్ధపు కాగితం వల్ల ఆగిపోతుంది. ఇంకో మాట. క్లెయిమ్ మీద నామినీగా సంతకం పెట్టేది మీ అమ్మ. ఫోర్జరీ, మోసం కేసు అయితే పోలీసులు మొదట పిలిచేది ఆమెనే. భర్త పోయిన మనిషిని స్టేషన్ మెట్లెక్కించే పని మీరు చేయకండి.

రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల రైతులకు, మొత్తం 5 లక్షలు. మీ నాన్న వయసు అందులోనే ఉంది, ఆయన పేరు నమోదై ఉందో లేదో మీ క్లస్టర్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) చెప్పగలరు. సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకుండా ఇవాళే ఏఈవోకు మరణ సమాచారం రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. బీమా సొమ్ము కోసం దావా వేయడానికి మరణించిన రోజు నుంచి మూడేళ్లు, క్లెయిమ్ తిరస్కరిస్తే ఆ తేదీ నుంచి. అయితే అంతదాకా పోనివ్వకండి, ఆలస్యమైన ప్రతి నెలా ప్రశ్నలు పెరుగుతాయి. విరాసత్‌కు సర్టిఫికెట్ చేతికొచ్చాక తహసీల్దార్ దగ్గర కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పెట్టండి. అందులో మీ అక్క పేరు తప్పక రాయండి. బావ మీద కోపంతో ఆమెను వదిలేస్తే ఆమె వాటా పోదు, మీ మీద కేసు మాత్రం వస్తుంది.

మున్సిపల్ ఆఫీసులో నోటిమాటగా 'లేదు' అంటే వెనక్కి రాకండి. రికార్డు లేదన్న పత్రం రాతలో అడగండి. ఇవ్వకపోతే అక్కడే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మరణించిన తేదీ, ఆసుపత్రి పేరు, ఆధార్‌లోనూ వాడుకలోనూ ఉన్న రెండు పేర్లూ అందులో రాయండి. రసీదు నంబర్ చేతికి రాకుండా ఆ కౌంటర్ దగ్గర నుంచి కదలకండి.