డాల్ఫిన్ సైగ చేస్తేనే వల

ప్రశ్న: బ్రెజిల్‌లో డాల్ఫిన్లే చేపల్ని జాలర్ల దగ్గరికి తోలుకొస్తాయట. వాటికి శిక్షణ ఇస్తారా? వల ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకుడు, భీమునిపట్నం)

జవాబు: శిక్షణా లేదు, మేతా వేయరు. దక్షిణ బ్రెజిల్‌లో శాంటా కటరీనా రాష్ట్రంలోని లాగునా పట్నం దగ్గర ఈ వేట నూరేళ్లకు పైగా నడుస్తోంది. ముల్లెట్ చేపలు గుంపులుగా వలస వచ్చే మే నుంచి జులై దాకా (అక్కడ అది చలికాలం) జోరుగా ఉంటుంది.

జాలర్లు నడుము లోతు నీళ్లలో వరుసగా నిలబడతారు. విసురు వల తాడు కొస మణికట్టుకి, మడతలు భుజం మీద, అంచున సీసపు గుళ్లు. నీళ్లు మురికిగా ఉంటాయి కాబట్టి చేప కంటికి కనపడదు. డాల్ఫిన్ గుంపును తోలుకొచ్చి, వరుస ముందు వీపు బాగా వంచి ఒక్కసారిగా మునుగుతుంది, లేదా తలతోనో తోకతోనో నీటిని చరుస్తుంది. అదే సైగ. ఊపిరి కోసం తేలి మామూలుగా మునిగినప్పుడు విసిరితే వల ఖాళీగా వస్తుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. సైగ అందాక మిగిలేది కొన్ని సెకన్లే. వల గుండ్రంగా విచ్చుకోకపోతే సీసం ఒక పక్కే ముందు దిగుతుంది, రెండో పక్క నుంచి చేపలు దాటేస్తాయి.

మరి డాల్ఫిన్‌కేం మిగులుతుంది? వల పడగానే గుంపు చెదురుతుంది, విడిపడ్డ చేపను పట్టడం దానికి తేలిక. 2023లో వెలువడిన పరిశోధన ప్రకారం డాల్ఫిన్లుంటే జాలరికి చేప పడే అవకాశం 17 రెట్లు ఎక్కువ. అక్కడుండే 50, 60 డాల్ఫిన్లలో అన్నీ ఈ వేటకు రావు. వచ్చే కొన్నింటికీ అక్కడ వాలుగ జాతి చేపల కోసం అక్రమంగా కట్టే వలలు ప్రాణగండం.

ప్రశ్న: చిలికాలో డాల్ఫిన్లున్నాయిగా, మనవాళ్లు ప్రయత్నించవచ్చా? (ఒక పాఠకురాలు, ఇచ్ఛాపురం)

జవాబు: వద్దు. చిలికాలో ఉన్నవి ఐరావతి డాల్ఫిన్లు. బర్మాలో మాండలే ఎగువన ఇదే జాతితో కలిసి వేటాడతారన్నది నిజమే. పడవ అంచున కర్రతో టకటకా కొట్టి, తెడ్డుతో నీళ్లు చరిచి పిలుస్తారు, అవి తోక ఊపి చోటు చూపిస్తాయి. కానీ అది తరాలుగా ఇరుపక్షాలకూ ఒంటబట్టిన అలవాటు, పిలిచినంత మాత్రాన వచ్చేది కాదు. పైగా మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ డాల్ఫిన్‌కు మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వెంబడించినా, ఆశపెట్టి రప్పించినా నేరమే. మీ వలలో పొరపాటున చిక్కితే వల కోసైనా వదిలేయండి. అంతవరకూ తలపైనున్న ఊపిరి రంధ్రం నీటిపైనే ఉండేలా పట్టుకోండి, తోక పట్టి లాగకండి.