కణితికి రక్తం అందకుండా చేసే ఇంజెక్షన్ నాన్నగారి గుండెకు ప్రమాదమా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. రెండు విడతల కీమో అయ్యాక, ఇకపై దానితోపాటు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ కూడా ఇస్తామని డాక్టరుగారు చెప్పారు. అది కణితికి కొత్త రక్తనాళాలు రాకుండా చేస్తుందట. మరి ఒంట్లోని మిగతా రక్తనాళాల సంగతేమిటి? ఆయనకు పదేళ్లుగా బీపీ ఉంది. వచ్చే వారం పాడైన దవడపన్ను తీయించాల్సి ఉంది. గడ్డకు బలం చేరకూడదని బంధువులు అన్నం, పాలు తగ్గించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ఈ మందు ఒంట్లో ఇప్పటికే ఉన్న రక్తనాళాలను మూసేయదు. కొత్త రక్తనాళాలు కావాలని కణితి పంపే కబురును దారిలోనే పట్టుకుంటుంది. ఈ తేడా తెలిస్తే, మీ నాన్నగారి బీపీ గురించీ పంటి గురించీ డాక్టర్లు ఎందుకు అంతగా ఆరా తీస్తారో మీకే అర్థమవుతుంది.

రక్తనాళానికి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు దూరంలో ఉన్న కణానికే ఆక్సిజన్ అందుతుంది. అందువల్ల సొంత రక్తనాళాలు లేని కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఆవగింజంత అయ్యాక అక్కడే ఆగిపోతుంది. బోస్టన్‌కు చెందిన సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ఈ సంగతి రాసి, రక్తనాళాలను ఆపితే కణితినీ ఆపవచ్చని ప్రతిపాదించినప్పుడు తోటివారిలో చాలామంది నమ్మలేదు. ఆయన ఆలోచన మందు రూపంలో పెద్దపేగు క్యాన్సర్ రోగులకు చేరడానికి, అంటే అమెరికాలో బెవాసిజుమాబ్‌కు అనుమతి రావడానికి 2004 దాకా పట్టింది.

ఆ కబురు పుట్టే తీరు చిత్రంగా ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్న కణంలో హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ తయారైన కాసేపటికే నాశనమైపోతుంది. ఊపిరాడని కణంలో మాత్రం అది నిలిచి, కేంద్రకంలోకి వెళ్లి, వీఈజీఎఫ్ అనే వృద్ధి కారకాన్ని (గ్రోత్ ఫ్యాక్టర్) తయారుచేసే జన్యువును మేల్కొలుపుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఇలా పుట్టిన వీఈజీఎఫ్ కణితి నుంచి బయటికి వచ్చి, దగ్గర్లోని రక్తనాళపు లోపలి పొర కణాలను చేరుతుంది. ఆ కణాల మీద దానికోసమే ఉన్న గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు ఉంటాయి. వాటిలో రెండో రకం గ్రాహకానిదే ప్రధాన పాత్ర. వీఈజీఎఫ్ వచ్చి అంటుకోగానే రెండు గ్రాహకాలు జతకట్టి, కణం లోపలి వైపున్న తమ కొసలకు ఫాస్ఫేట్ అణువులను తగిలిస్తాయి. అక్కడి నుంచి విభజన చెందమనీ, కదలమనీ, చావకుండా నిలవమనీ సంకేతాలు ఒకదాని వెంట ఒకటి కేంద్రకం దాకా వెళ్తాయి. అప్పుడు ఆ పొరలోని ఒక కణం ముందుకు పొడుచుకొచ్చి కణితి వైపు దారి తీస్తుంది, మిగతావి దాని వెనకే గొట్టంలా పేరుకుంటాయి.

మామూలుగా గాయం మానేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే పని అయ్యాక కబురు ఆగిపోతుంది. కణితిలో అది ఆగదు. నగర శివార్లలో అనుమతి లేని లేఅవుట్లలో హడావిడిగా వేసిన నీటి పైపుల్లాగా, కణితిలోని రక్తనాళాలు వంకరటింకరగా, అతుకుల దగ్గర కారుతూ, వెలుపలి నుంచి పట్టి ఉంచాల్సిన పెరిసైట్లు అనే కణాల ఆసరా సరిగా లేకుండా ఉంటాయి. కారిన ద్రవం వల్ల కణితి లోపల ఒత్తిడి పెరిగి, కీమో మందు కూడా లోపలికి సరిగా చేరదు. వీఈజీఎఫ్‌ను అడ్డుకున్నప్పుడు ఈ నాళాలలో కొన్ని రాలిపోయి, మిగిలినవి కొంతకాలం చక్కబడతాయనీ, ఆ సమయంలో కీమో మెరుగ్గా చేరుతుందనీ భావిస్తున్నారు. మీ నాన్నగారికి దీన్ని విడిగా కాకుండా కీమోతో కలిపి ఇవ్వడంలో ఉద్దేశం ఇదే.

బెవాసిజుమాబ్ గ్రాహకం జోలికి వెళ్లదు, వీఈజీఎఫ్‌నే పట్టుకుని గ్రాహకాన్ని చేరనివ్వదు. రెగోరాఫెనిబ్ వంటి మాత్రలు గ్రాహకం లోపలి కొసను పనిచేయనివ్వవు. పెద్దవాళ్లలో స్థిరపడిన రక్తనాళాలు వీఈజీఎఫ్ మీద అంతగా ఆధారపడవు కాబట్టి అవి మూసుకుపోతాయని భయపడనక్కరలేదు.

అయితే ఆ కబురుకు ఒంట్లో వేరే పనులూ ఉన్నాయి. నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ విడుదలకు అది తోడ్పడుతుంది, కాబట్టి దాన్ని ఆపితే బీపీ పెరుగుతుంది. మూత్రపిండాల్లోని వడపోత పొర నిలవడానికీ అదే అవసరం. దాన్ని ఆపినప్పుడు కొందరికి మూత్రంలో ప్రోటీన్ పోతుంది, అందుకే మధ్యమధ్యలో మూత్రపరీక్ష చేయిస్తారు. డే కేర్ వార్డులో ఒక పెద్దాయన బీపీ 170 చూపిస్తుంటే, ఎల్బీనగర్ నుంచి ఆటోలో ఆ ట్రాఫిక్‌లో వస్తే ఎవరికైనా అంతే ఉంటుందని నర్సుతో వాదించారు. అరగంట కూర్చోబెట్టి మళ్లీ చూసినా 168 ఉంది. ఆ రోజు ఇంజెక్షన్ ఆపి, బీపీ మాత్ర మార్చి, తర్వాతి విడతకు ఇచ్చాము. బీపీ ఉన్నంత మాత్రాన ఈ మందు ఇవ్వకూడదని కాదు, అదుపులో ఉండాలి. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే రోజూ ఉదయం కొలిచి ఒక నోట్‌బుక్‌లో రాసి, ప్రతి విడతకూ ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి. గుండె విషయానికొస్తే, గతంలో గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉన్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఈ మందుతో రక్తం గడ్డకట్టే ముప్పూ, రక్తస్రావం ముప్పూ రెండూ కొంత పెరుగుతాయి. పేగుకు రంధ్రం పడటం అరుదే గానీ ప్రాణాంతకం. హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, నల్లటి విరేచనం, ఆయాసం, ఒక కాలే వాయడం, చూపు మసకబారే తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

తిండి తగ్గించమనే సలహాను దయచేసి పాటించవద్దు. కణితి కబురు పంపేది ఆక్సిజన్ కొరతతోనూ, తనలోని జన్యు మార్పులతోనూ గానీ, మీరు పెట్టే అన్నం, పాలు చూసి కాదు. తిండి తగ్గితే ముందు చిక్కిపోయేది కండరం. ఒళ్లు తగ్గిన మనిషి కీమోను తట్టుకోలేడు, విడతలు వాయిదా పడతాయి. పప్పు, గుడ్డు, పెరుగు, చేప, ఆయనకు ఏది సయిస్తే అది పెట్టండి. పసర్లు, పొడులు ఎవరైనా ఇస్తే వాడకముందు డాక్టరుగారికి చూపించండి.

ఈ మందు మీద ఎంత ఆశ పెట్టుకోవాలన్నది మీరు అడగలేదు, కానీ చెప్పడం నా బాధ్యత. ఇది జబ్బును పూర్తిగా పోగొట్టేది కాదు. 2004 నాటి అనుమతికి ఆధారమైన అధ్యయనంలో, అప్పటి కీమోకు దీన్ని జోడించినప్పుడు రోగుల మధ్యస్థ జీవితకాలం (అంటే సగం మంది దాటిన కాలం) 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. కొంతకాలానికి కణితి ఎఫ్‌జీఎఫ్ వంటి వేరే వృద్ధి కారకాల దారి పట్టడం కూడా మామూలే. ఖర్చు గురించి ఆందోళన ఉంటే, మన హైదరాబాద్ కంపెనీలు హెటెరో 2016లోనూ, డాక్టర్ రెడ్డీస్ 2019లోనూ దీని బయోసిమిలర్లను (దీన్ని పోలిన, దాదాపు ఇలాగే పనిచేసే మందులను) దేశంలో విడుదల చేశాయి. వాటి గురించి డాక్టరుగారిని, పథకాల వర్తింపు గురించి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక పన్ను. గాయం మానడానికి కూడా కొత్త రక్తనాళాలు కావాలి. అందుకే పెద్ద ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కనీసం 28 రోజులు ఈ ఇంజెక్షన్ ఇవ్వరు. పన్ను తీయడం అంత పెద్దది కాకపోయినా, మొదటి డోసుకు ముందే తీయించి, చిగురు పూర్తిగా మానాక ఇంజెక్షన్ మొదలుపెట్టడం మేలు. కీమో మధ్యలో రక్తకణాలు తగ్గే రోజులు కూడా ఉంటాయి కాబట్టి, తేదీ డెంటిస్టు ఒక్కరే కాక ఆంకాలజిస్టుతో మాట్లాడి నిర్ణయించాలి. వచ్చే వారం అపాయింట్‌మెంట్‌కు ముందే ఆ ఇద్దరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకునేలా చూడండి.

– మెడికల్ ఆంకాలజిస్ట్, హైదరాబాద్