అమెరికాలో ఒక పుస్తకాన్ని 'నిషేధించారు' అంటే అది దుకాణాల్లో కూడా దొరకదా?

దొరుకుతుంది; అక్కడ నిషేధం అంటే సాధారణంగా ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయం నుంచో, ఊరి గ్రంథాలయం నుంచో తీసేయడం. అమ్మకాన్ని ఆపాలంటే భావప్రకటనా స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగపు మొదటి సవరణ అడ్డు వస్తుంది. కానీ బడి గ్రంథాలయాలపై స్థానిక పాఠశాల బోర్డులకు చాలా అధికారం ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే, విచారణ ముగియకముందే పుస్తకాన్ని పక్కన పెట్టిన సందర్భాలు ఎన్నో.

ఆడ, మగ అనే రెండు చట్రాల్లోనూ ఇమడని అమెరికన్ రచయిత మయా కొబాబే బొమ్మల ఆత్మకథ 'జెండర్ క్వీర్' 2019లో వచ్చింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ లెక్కల్లో 2021, 2022, 2023 మూడేళ్లూ అత్యధిక అభ్యంతరాలు దానిమీదే. అయినా అది పుస్తకాల దుకాణాల్లో అమ్ముడవుతూనే ఉంది.

'కొనుక్కోవచ్చు కదా, నష్టమేమిటి?' అన్నదే పెద్ద అపోహ. పద్నాలుగేళ్ల పిల్లకు సొంత డబ్బు ఉండదు, ఇంటికొచ్చిన పార్సిల్‌ను అమ్మో నాన్నో విప్పుతారు. తాను క్వీర్ అని, అంటే తన లింగ గుర్తింపో ఆకర్షణో అందరిలాంటిది కాదని, ఇంట్లో చెప్పుకోలేని పిల్లలకు, రెండు అలమరల మధ్య నేలమీద కూర్చుని, ఎవరినీ అడగకుండా తనలాంటి మనిషి కథ తెరిచి చూసుకునే చోటు గ్రంథాలయమే. గ్రంథపాలకులు ఎవరిచేతా బలవంతంగా చదివించరు. తమ బిడ్డకు వద్దనుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది. పుస్తకాన్నే తీసేస్తే మిగతా పిల్లలందరికీ అది అందకుండా పోతుంది. అందుకే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రజా గ్రంథాలయం 2022లో, దేశంలో ఎక్కడున్నా సరే, 13 నుంచి 21 ఏళ్లవారికి ఈ-పుస్తకాల కార్డును ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.