కొత్త క్రీడా సీజన్‌కు ముందు పాఠశాల అథ్లెటిక్ ట్రైనర్ ఏమేం సిద్ధం చేసుకోవాలి?

మొదటిసారి ఒక పాఠశాలలో, ఆటగాళ్ల గాయాలూ ఆరోగ్యమూ చూసుకునే అథ్లెటిక్ ట్రైనర్‌గా చేరాననీ, సీజన్ మొదలు కావడానికి ఆరు వారాలే ఉన్నాయనీ, కొనవలసిన సామగ్రి జాబితా రాసుకున్నా ఇంకా ఏదో మరిచిపోయినట్టే ఉందనీ మీరు అడిగారు. పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మీ అనుమానం సరైనదే. టేపు, ఐసు, క్రేప్ బ్యాండేజీలు ఎన్ని తెచ్చిపెట్టుకున్నా సీజన్ మధ్యలో ఏదో ఒకటి అయిపోతుంది, మళ్లీ తెచ్చుకుంటాం, దానివల్ల ఎవరి ప్రాణం మీదికీ రాదు. ప్రాణం మీదికి తెచ్చేవి రెండు మూడే ఉంటాయి. అవి కొన్ని నిమిషాల్లోనే అటో ఇటో తేలిపోతాయి. అందుకే నేను సామగ్రిని చివరికి నెట్టి, అత్యవసర ప్రణాళికతో పని మొదలుపెడతాను.

ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది మా ప్రణాళిక కాగితం మీద చాలా చక్కగా ఉండేది: ఛాతీ మీద ఎవరు నొక్కాలి, ఆంబులెన్స్‌కు ఎవరు ఫోన్ చేయాలి, గేటు దగ్గర ఎవరు నిలబడాలి అన్నీ రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించి, గోడకు అంటించాం. సీజన్‌కు పది రోజుల ముందు, ఎందుకో ఒకసారి చేసి చూద్దామనిపించి, శిక్షణకు వాడే బొమ్మను మైదానం అవతలి మూల పడుకోబెట్టి, స్టాప్‌వాచ్ నొక్కి, ఏఈడీ, అంటే ఆగిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం, తెమ్మని ఒక కోచ్‌ను పంపాను. ఆయన పరుగెత్తుకుంటూ వెళ్లి, అంతే వేగంగా వట్టి చేతులతో తిరిగొచ్చారు. యంత్రం ఆఫీసు గదిలో ఉంది, గదికి తాళం ఉంది, తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంది, గుమాస్తా ఇంటికి వెళ్లిపోయాడు. పిల్లల సాధన రోజూ మొదలయ్యేది అతను వెళ్లాకనే. తాళంచెవి దొరికి, ఏఈడీ బొమ్మ దగ్గరికి చేరేసరికి గడియారంలో 11 నిమిషాలు దాటింది. హఠాత్తుగా గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. ఆ లెక్క మైదానంలో ఉన్న అందరికీ తెలుసు కాబట్టి, ఆ సాయంత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మర్నాడే ఏఈడీని వరండా గోడకు, తాళం లేని పెట్టెలోకి మార్పించాం.

కనుక మీరు ప్రతి మైదానానికీ, ప్రతి వ్యాయామశాలకూ విడిగా ప్రణాళిక రాయండి. కూలిన చోటు నుంచి ఏఈడీకి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం 3 నిమిషాలు దాటకూడదు. ఆంబులెన్స్ ఏ గేటు గుండా రావాలో, ఆ గేటు తాళం సాయంత్రం ఎవరి దగ్గర ఉంటుందో కళ్లారా చూసి రాసుకోండి. యంత్రం బ్యాటరీకీ, ప్యాడ్లకూ గడువు తేదీలు ఉంటాయి. పెట్టెలో కత్తెర, తువ్వాలు, రేజర్ ఉన్నాయో లేదో చూడండి. కోచ్‌లకు తప్పకుండా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. గుండె ఆగిన ఆటగాడు కొన్ని క్షణాలపాటు మూర్ఛ వచ్చినట్టు కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు, ఎగశ్వాస తీయవచ్చు. అది చూసి ఫిట్స్ అనుకుని కాళ్లు పట్టుకుని కూర్చుంటే విలువైన సమయం పోతుంది. దెబ్బేమీ తగలకుండా కుప్పకూలి, పిలిస్తే పలకని పిల్లవాడిని, కాదని తేలేవరకూ గుండె ఆగినవాడిగానే చూడాలి.

గుండె ఆగడం తర్వాత రెండోది వడదెబ్బ. వేడిలో సాధన చేస్తూ ఒక్కసారిగా తికమకగా మాట్లాడి, తూలి పడిపోయిన ఆటగాడి లోపలి ఉష్ణోగ్రత 40.5 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండవచ్చు. దాన్ని నమ్మకంగా చూపేది మలద్వారం ద్వారా పెట్టే థర్మామీటర్ ఒక్కటే, నుదుటికీ చెవికీ పెట్టేవి తక్కువ చూపి మోసం చేస్తాయి. ముందు చల్లార్చి, తర్వాతే ఆసుపత్రికి తరలించాలన్నది ఇక్కడి సూత్రం. మెడ వరకూ చల్లటి నీటి తొట్టిలో ముంచి, నీటిని కదుపుతూ, 30 నిమిషాల్లోపు ఉష్ణోగ్రతను 39 డిగ్రీల దగ్గరికి దించాలి. మొదటిసారి తొట్టి తెప్పించినప్పుడు ఊరికే పైపు పెట్టి నింపి చూశాను, 25 నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో సాధన మొదలు కాకముందే తొట్టి నిండి, ఐసు పక్కనే ఉంటుంది. శరీరం వేడికి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, మొదటి రెండు వారాల సాధన తీవ్రతను, కట్టుకునే రక్షణ కవచాలను మెల్లమెల్లగా పెంచే పట్టికను కోచ్‌తో కూర్చుని ఇప్పుడే ఒప్పించుకోవాలి. సీజన్ మొదలయ్యాక, ఓడిన మ్యాచ్ మర్నాడు, ఆ మాట ఎత్తితే ఎవరూ వినరు.

ఇక ఆరోగ్య పత్రాలు. విసుగు పుట్టించే పనే గానీ, ప్రతి పత్రాన్నీ మీరే స్వయంగా చదవాలి. ఆడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా, కుటుంబంలో 50 ఏళ్లలోపు ఎవరైనా గుండె సంబంధంగా హఠాత్తుగా చనిపోయారా అన్న ప్రశ్నలకు 'అవును' అని ఉంటే, వైద్యుడు చూసి రాసిచ్చేవరకూ మైదానంలోకి దింపకండి. ఒక ఏడాది ఒక అమ్మాయి పత్రంలో 'ఆస్తమా ఉంది, ఇన్‌హేలర్ వాడుతుంది' అని స్పష్టంగా ఉంది, నేను చదివాను కూడా. తొలి వారంలో ఆ పిల్లకు ఆయాసం వచ్చినప్పుడు ఇన్‌హేలర్ ఇంట్లో, చదువుకునే బల్ల సొరుగులో ఉంది. కోలుకుంది కానీ, తర్వాత గంటసేపు నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. చదవడంతో పని కాదని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఇన్‌హేలర్, అలర్జీ ఇంజెక్షన్ అవసరమైన ప్రతి విద్యార్థి నుంచీ, గడువు తేదీ చూసి, పేరు రాసిన ఒక అదనపు ఇన్‌హేలర్‌ను గానీ ఇంజెక్షన్‌ను గానీ నా సంచిలో పెట్టుకున్నాకే సాధనకు పంపుతాను. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లకు ఒక్కసారి ఫోన్ చేసి చూడండి, పనిచేయనివి కొన్ని తప్పకుండా తగులుతాయి.

తలకు దెబ్బ తగిలిన విషయంలో కోచ్‌లతో గొడవ రావడం ఖాయం గనుక దాన్ని ముందే తీర్చుకోవాలి. కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి, దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడం) అనుమానం వస్తే ఆ రోజు ఇక ఆట లేదనీ, తిరిగి రావడం మెట్లుమెట్లుగా, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు ఇస్తూ జరుగుతుందనీ, నిర్ణయం కోచ్‌ది కాదనీ రాసి, ప్రధానోపాధ్యాయుల చేత సంతకం పెట్టించండి. వీలైతే సీజన్‌కు ముందే ప్రతి ఆటగాడి జ్ఞాపకశక్తి, నిలకడ మామూలుగా ఎలా ఉంటాయో నమోదు చేసుకోండి; 13 ఏళ్లు, ఆపై వయసు వారికి కంకషన్‌ను అంచనా వేయడానికి 2023లో వచ్చిన స్కాట్ 6 (SCAT6) అనే పరీక్ష పత్రం ఉంది.

టేపు, బ్యాండేజీలు చివరి వారంలో కొన్నా ఫరవాలేదు. చీలమండ ఒకసారి బెణికినవారికే మళ్లీ బెణికే ప్రమాదం ఎక్కువ కాబట్టి, పాత గాయాల జాబితా చూసుకుని కొంటే వృథా కాదు.

ఈ వారంలోనే ఒక సాయంత్రం, ఆఫీసు మూసేశాక, స్టాప్‌వాచ్ పట్టుకుని మీ మైదానం అవతలి మూల నుంచి ఏఈడీ దాకా వెళ్లి, దాన్ని తీసుకుని తిరిగి రండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, దారిలో ఎన్ని తాళాలు తగిలాయో నాకు రాయండి.