ముందు ఒక్క న్యూరాన్‌తో కూర్చో

బుజ్జీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి "దానికి కంప్యూటరూ కావాలట, మెదడూ కావాలట, ఇదేం చదువే" అని అరగంట సేపు టెన్షన్ పడింది. అమ్మతో నేను మాట్లాడతాలే. కానీ ఈసీఈ అయ్యాక కంప్యుటేషనల్ న్యూరోసైన్స్‌కే, అంటే మెదడు పనితీరుని లెక్కలతో, కంప్యూటర్‌తో అర్థం చేసుకునే చదువుకే, వెళ్లాలని నీకు గట్టిగా ఉంటే, ఎంట్రన్సుల సంగతి తర్వాత, ముందు ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి.

ఒక్క న్యూరాన్, అంటే ఒక్క నాడీకణం, తీసుకో. ఆర్‌సీ సర్క్యూట్ నీకు వచ్చు కదా, కణం చుట్టూ ఉండే పొర కెపాసిటర్, సోడియం, పొటాషియం లాంటి అయాన్లు దాటడానికి అందులో ఉండే దారులు, అంటే అయాన్ ఛానళ్లు, రెసిస్టర్లు అనుకుంటే సగం మోడల్ నీ చేతిలో ఉన్నట్టే. వోల్టేజ్ ఒక హద్దు దాటగానే స్పైక్ (న్యూరాన్ పంపే చిన్న కరెంటు పల్స్) వచ్చిందని రాసుకుని దాన్ని మళ్లీ కిందికి దించెయ్యి, ఇంటిగ్రేట్ అండ్ ఫైర్ అంటే ఇంతే, పైథాన్‌లో ఇరవై లైన్లు. అది నడిచాక, స్పైక్ ఎలా పుడుతుందో చెప్తూ హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1952లో రాసిన నాలుగు ఈక్వేషన్ల దగ్గరికి రా. ఎవరి కోడో దించుకోకు, నువ్వే టైప్ చెయ్యి. హక్స్‌లీకి అప్పుడు కంప్యూటర్ దొరక్క, చేత్తో తిప్పే లెక్కల మిషన్ మీద వారాల తరబడి చేశాడు ఆ లెక్కలు. నీ ల్యాప్‌టాప్‌కి సెకను కూడా పట్టదు కాబట్టి ఆ టైమంతా గ్రాఫ్ చూడ్డానికి పెట్టు. సోడియం ఛానళ్లు గబుక్కున తెరుచుకుంటాయి, అవి మూసుకుపోతుండగా పొటాషియం ఛానళ్లు నిదానంగా తెరుచుకుంటాయి, స్పైక్ పుట్టేది ఆ కాస్త తేడాలోనే. సోడియం కండక్టెన్స్ (ఆ ఛానళ్లు కరెంటుని ఎంత సులువుగా పోనిస్తాయన్న లెక్క) సగం చేసి ఏమవుతుందో చూడు. టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగుకి ముందుకి జరిగే సమయం) కూడా సగం చేసి మళ్లీ నడిపించు, గ్రాఫ్ మారిపోయిందంటే స్టెప్ ఇంకా తగ్గించాలన్నమాట.

నేను పీహెచ్‌డీ మొదటి ఏడాది రెండు నెలలు పోగొట్టుకున్న సంగతి చెప్తాను విను. ఎలుక మెదడులోని ఒక కణానికి మోడల్ కడుతున్నాను, నా స్పైకులేమో రికార్డింగులో ఉన్నవాటికంటే బాగా వెడల్పుగా వస్తున్నాయి. ఛానళ్లు పెంచాను, తగ్గించాను, కణం ఆకారం మార్చాను, ఫిట్టింగ్ కోసం పెద్ద ప్రోగ్రామే రాశాను. రాత్రుళ్లు నిద్ర కూడా పట్టేది కాదు. చివరికి పక్క ల్యాబ్‌లో రికార్డింగులు చేసే సీనియర్ అక్క నా స్క్రీన్ చూసి ఒక్క మాట అడిగింది, "టెంపరేచర్ ఎంత పెట్టావు?" అని. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ లెక్కలు స్క్విడ్ అనే సముద్రజీవి నరానివి, 6.3 డిగ్రీల దగ్గరవి. నేను వాడుతున్న, న్యూరాన్ అనే పేరున్న సాఫ్ట్‌వేర్‌లో మనం మార్చకపోతే టెంపరేచర్ ఆ 6.3 దగ్గరే ఉంటుంది. ఎలుక కణాన్ని రికార్డ్ చేసింది ఒంటి వేడి దగ్గర. చలికి ఛానళ్లు మందగిస్తాయి, స్పైక్ సాగుతుంది.

అందుకే చెప్తున్నాను, ఎక్కడ చేరినా ఒక సెమిస్టర్ ప్రయోగాలు చేసే ల్యాబ్‌లో కూర్చో. పరికరం పట్టుకోనివ్వకపోయినా పక్కన నిలబడి చూడు. ఎన్ని కణాలు మధ్యలోనే చచ్చిపోతాయో, ఎంత నాయిస్ వస్తుందో కళ్లతో చూస్తే, తర్వాత డేటా ఫైల్ తెరిచినప్పుడు నీకు వచ్చే ప్రశ్నలే వేరు.

ఇంకోటి, మొత్తం మెదడుని కంప్యూటర్‌లో కట్టేస్తానని అన్నావట. ఆ ఆశ నాకూ ఉండేది. సీ ఎలిగాన్స్ అనే పురుగుకి ఉన్నవి 302 న్యూరాన్లు, వాటి వైరింగ్ 1986లోనే అచ్చయింది, అయినా అది చేసే పనులన్నీ ఆ వైరింగ్ చూసి చెప్పలేకపోతున్నాం. చిన్న ప్రశ్న పట్టుకో. 1997లో షుల్ట్స్, డయాన్, మాంటగ్యూ రాసిన పేపర్ చదువు: కోతికి అనుకోకుండా జ్యూస్ దొరికితే డోపమైన్ కణాలు (డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే న్యూరాన్లు) ఎక్కువగా ఫైర్ అవుతాయి, అంటే స్పైకులు పంపుతాయి, ముందు ఒక గుర్తు చూపించడం అలవాటు చేస్తే ఆ గుర్తు దగ్గరే ఫైర్ అవుతాయి, రావాల్సిన జ్యూస్ రాకపోతే ఆ సమయానికి వాటి స్పైకులు తగ్గిపోతాయి. అనుకున్నదానికీ దొరికినదానికీ ఉన్న తేడా అనే ఒక్క లెక్కతో ఈ మూడూ అర్థమవుతాయి. నాకు ఇప్పటికీ ఆ పేపర్ అంటే ప్రాణం.

లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మళ్లీ మొదటినుంచి చదువు, బీటెక్ పరీక్షల కోసం బట్టీ పట్టింది చాలదు. చోట్ల విషయానికొస్తే మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్ ఉంది, ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది, బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, మద్రాస్ ఐఐటీ కూడా చూడు. చేరకముందే రుచి తెలియాలంటే 2020 నుంచి న్యూరోమ్యాచ్ వాళ్లు ఆన్‌లైన్‌లో వేసవి కోర్సు పెడుతున్నారు. గైడ్‌ని పేరు చూసి ఎంచుకోకు. ఆయన దగ్గర ఉన్న విద్యార్థులతో, ఆయన లేనప్పుడు మాట్లాడు, పీహెచ్‌డీకి ఎన్నేళ్లు పడుతోంది, తప్పు జరిగిందని చెప్తే ఏమంటాడు అని అడుగు. మధ్యలో వదిలేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో కూడా.

ఆదివారం లోపు సోడియం సగం చేసిన గ్రాఫ్ పంపు. స్పైక్ వచ్చినా రాకపోయినా అలాగే పంపు, ఎందుకలా అయిందని నీకు అనిపిస్తోందో కింద నాలుగు మాటలు రాయి.

మీ పిన్ని