బీకాం చదివే పాపకు సోలార్‌లో ఏం పని?

ప్రశ్న: మాది ఓర్వకల్లు మండలం. పాప కర్నూలులో బీకాం రెండో సంవత్సరం. బ్యాంకు కోచింగ్‌లో చేర్పిద్దామంటే "సోలార్, విండ్ కంపెనీల్లో ఫైనాన్స్ వైపు వెళ్తాను నాన్నా" అంటోంది. మా దగ్గర సోలార్ పార్కు కట్టేటప్పుడు ఊళ్లో పిల్లలకు కొన్నాళ్లు పని దొరికింది. ఇప్పుడు వాచ్‌మన్లు, గడ్డి కోసేవాళ్లు, ప్యానెళ్లు కడిగేవాళ్లు తప్ప అక్కడ ఎవరూ కనిపించరు. పైగా అమెరికా వెనక్కి పోయింది, డబ్బులు ఆగిపోతాయి అని టీవీలో చెబుతున్నారు. ఇంజనీరింగ్ చదవని పిల్లకు ఇందులో ఏముంటుందో చెప్పండి.

జవాబు: అన్నా, మీ ఊరి పక్కన మీరు చూసింది నిజమే. గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. వేల ఎకరాల్లో ప్యానెళ్లు ఉన్నా రోజూ లోపలికి వెళ్లే మనుషులు కొద్దిమందే. థర్మల్ ప్లాంటులాగా బొగ్గు దించాలి, బాయిలర్ కాయాలి అన్న పని ఇక్కడ లేదు. కాబట్టి పాప ఉద్యోగం ఆ ఫెన్సింగు లోపల ఉండదు. హైదరాబాదులోనో, ముంబైలోనో, ఢిల్లీ పక్క గురుగ్రామ్‌లోనో ఒక ఆఫీసులో ఉంటుంది. ఊరు విడిచి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది ముందు మీరు మాట్లాడుకోండి. చాలా ఇళ్లలో అసలు గొడవ అక్కడే వస్తుంది.

ఇక ఆ ఆఫీసులో ఏం పని? నేను కౌన్సెలింగుకు రాకముందు బ్యాంకులో లోన్ల టేబుల్ దగ్గర కూర్చున్నవాణ్ణి. అందుకే మన ఊరి లెక్కలోనే చెబుతాను. ఊళ్లో ఒకరికి రూపాయి వడ్డీకి అప్పు పుడుతుంది. ఇంకొకరికి మూడు రూపాయలు ఇస్తామన్నా పుట్టదు. పొలం ఒకటే, వాన ఒకటే. తేడా అంతా తిరిగి వస్తుందన్న నమ్మకంలో ఉంది. సోలార్ వ్యాపారం మొత్తం ఈ ఒక్క మాట మీద నడుస్తుంది. ఎండకు బిల్లు రాదు కానీ, ప్లాంటు కట్టడానికి కావాల్సిన డబ్బు మొదటి రోజే పెట్టాలి, అందులో ఎక్కువ భాగం అప్పే. ఆ వడ్డీయే దీనికి బొగ్గు ఖర్చు అనుకోండి.

ఒక ఉజ్జాయింపు లెక్క వేస్తాను, పాపకు చూపించండి. ఒక మెగావాట్ ప్లాంటుకు నాలుగు కోట్లు అనుకుందాం. మూడు కోట్లు అప్పు, ఇరవై ఏళ్లలో సమాన వాయిదాలుగా కట్టాలి. మన ఎండకు ఏడాదికి సుమారు 17.5 లక్షల యూనిట్లు వస్తాయి. వడ్డీ 9 శాతమైతే ఏటా కట్టాల్సింది దాదాపు 32.9 లక్షలు, అంటే యూనిట్ మీద రూపాయి 88 పైసలు. అదే అప్పు 4 శాతానికి దొరికితే ఏటా 22.1 లక్షలు, యూనిట్ మీద రూపాయి 26 పైసలు. ప్యానెల్ మారలేదు, ఎండ మారలేదు, 62 పైసలు మాత్రం తగ్గింది. యూనిట్‌కు పది పైసల తేడాతో టెండర్లు గెలిచే, ఓడే వ్యాపారంలో 62 పైసలంటే మాటలు కాదు. ఈ లెక్క వేయగలిగినవాళ్లకు ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

లెక్క తప్పితే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కర్లేదు. మీ పక్క పార్కులోనే 500 మెగావాట్లకు 2015 నవంబరులో సన్‌ఎడిసన్ అనే అమెరికా కంపెనీ యూనిట్ 4.63 రూపాయలకు ఇస్తానని టెండర్ గెలిచింది. అప్పటికి దేశంలో అదే తక్కువ ధర. 2016 ఏప్రిల్‌లో ఆ కంపెనీ అప్పులు మోయలేక అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. దాని భారత ఆస్తులను హైదరాబాదు కంపెనీ గ్రీన్‌కో కొనుక్కుంది. ప్యానెళ్లలో లోపమేమీ లేదు, అప్పు మీద అప్పు చేసి ప్రపంచమంతా ప్రాజెక్టులు కొనేసిన పద్ధతే దాన్ని ముంచింది.

అప్పు తర్వాత ఈ లెక్కను తారుమారు చేసే రెండోది ప్రభుత్వ విధానం. ఇది మన రాష్ట్రానికి బాగా తెలిసిన కథ. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా సోలార్ పార్కు టెండర్‌లో యూనిట్ ధర 3.15 రూపాయలకు దిగింది. మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 అయింది. దాంతో అంతకుముందు ఎక్కువ ధరకు పాతికేళ్ల ఒప్పందాలు చేసుకున్న డిస్కంలకు (కంపెనీల దగ్గర కరెంటు కొని మన ఇళ్లకు పంచే సంస్థలకు) గుండె మంట మొదలైంది. 2019 జులైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పాత ధరలు తగ్గించేందుకు ఒక కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. మధ్యంతరంగా విండ్‌కు 2.43, సోలార్‌కు 2.44 చొప్పున చెల్లింపులు నడిచాయి. చివరికి 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో ఉన్న ధరే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో తీర్చాలని చెప్పింది. డిస్కంల బాధ అబద్ధం కాదు, ఆ భారం చివరికి మన కరెంటు బిల్లులోకే వస్తుంది. కానీ సంతకం పెట్టిన ధరను మధ్యలో మారుస్తారేమో అన్న అనుమానం ఒక్కసారి వస్తే, తర్వాత వచ్చే ప్రతి ప్రాజెక్టుకూ బ్యాంకు వడ్డీ పెంచుతుంది. ఊళ్లో మాట తప్పినవాడికి వడ్డీ పెరిగినట్టే.

డిస్కంలు కంపెనీలకు కట్టాల్సిన బిల్లులు నెలల తరబడి ఆగడం దేశమంతా ఉన్న జబ్బు. దానికే కేంద్రం 2022లో లేట్ పేమెంట్ సర్‌చార్జి రూల్స్ తెచ్చి, పాత బకాయిలను వాయిదాల్లో కట్టించింది. ఇలాంటి రూల్స్ చదివి, ప్రాజెక్టు లెక్కలో ఎక్కడ ఏ గడి మారుతుందో చెప్పగలిగే మనిషికి ఉద్యోగం ఉంది. ఇది కామర్స్ పిల్లలు చేయగలిగే పని.

అమెరికా సంగతి. 2025 జనవరిలో ట్రంప్, వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి బయటికి వెళ్లే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. జులైలో సోలార్, విండ్‌కు ఇచ్చే పన్ను రాయితీలకు కోత పెట్టే చట్టం చేశారు. టీవీ చెప్పింది అంతవరకు నిజం. అయితే అదే ఏడాది జూన్ నాటికి మన దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వనరులదైంది. 2030కి పెట్టుకున్న గడువు అది, ఐదేళ్లు ముందే వచ్చింది. సామర్థ్యం సగం అంటే కరెంటు సగం అని కాదు, రాత్రి మీ ఇంట్లో వెలిగేది ఇంకా ఎక్కువగా బొగ్గే. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర నీళ్లను పైకి తోడి దాచుకుని, అవసరమైనప్పుడు వదిలే ప్రాజెక్టు కట్టారు. ఇప్పుడు కొత్త అప్పులు ఎక్కువగా ఇలాంటి నిల్వ ప్రాజెక్టులకు, కరెంటు లైన్లకు కావాలి.

ప్రపంచ స్థాయిలో పేచీ కూడా వడ్డీ గురించే. 2024 నవంబరులో బాకులో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో, పేద దేశాల కోసం ధనిక దేశాలు ముందుండి 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్లు సమకూర్చాలని తేల్చారు. పేద దేశాలు అడిగింది 1.3 ట్రిలియన్. ఇచ్చేదాంట్లోనూ చాలావరకు అప్పే. డాలర్లలో అప్పు తెచ్చి రూపాయల్లో కరెంటు అమ్మితే ఏమవుతుందో పాపను లెక్క వేయమనండి. 2010లో డాలరు 45, 46 రూపాయలుండేది, 2025లో 85 దాటింది. వడ్డీ తక్కువని తెచ్చుకున్న అప్పు అసలు దగ్గర కొరుకుతుంది.

ఇక పాప ఏం చేయాలి. లక్షలు పోసి సస్టైనబిలిటీ సర్టిఫికెట్లు కొనవద్దు. వాటి పేర్లు పెద్దవి, ఇంటర్వ్యూలో అడిగేది మాత్రం ఎక్సెల్, అకౌంట్స్. నా ఓటు సీఎంఏకి, అంటే ఖర్చుల లెక్కలు నేర్పే కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్ కోర్సుకి. కరెంటు ధర అంటేనే ఖర్చుల లెక్క, కాస్ట్ రికార్డులు తప్పనిసరిగా ఉంచాల్సిన రంగాల్లో విద్యుత్ ఒకటి. డిగ్రీ అయ్యాక నేరుగా ఆ కోర్సు ఇంటర్మీడియట్ స్థాయిలో చేరొచ్చు. పరీక్షలు కష్టమే, ఒకటి రెండుసార్లు తప్పినా ఇంట్లో టెన్షన్ పెట్టకండి. సీఎంఏ ఉంటే పీఎఫ్‌సీ, ఆర్‌ఈసీ, ఐఆర్‌ఈడీఏ లాంటి ప్రభుత్వ రుణ సంస్థల నోటిఫికేషన్లకూ పనికొస్తుంది. బ్యాంకు పరీక్షలు కూడా రాయనివ్వండి. విధానం మారినప్పుడల్లా ఊగే రంగం ఇది, ఒక కాలు గట్టి నేల మీద ఉండాలి. అయినా బ్యాంకులో చేరితే సోలార్ పోయినట్టు కాదు, ఈ ప్రాజెక్టులకు అప్పిచ్చేది బ్యాంకులే కదా.

ఖర్చు లేని పని ఒకటుంది. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు కర్నూలులోనే, దిన్నెదేవరపాడు రోడ్డులో ఉంది. డిస్కంలు వచ్చే ఏడాదికి ఎంత ఖర్చవుతుందో ఏటా అక్కడ లెక్క దాఖలు చేస్తాయి. దాని మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఉత్తర్వులు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాపను ఒక టారిఫ్ (కరెంటు ధరల) ఉత్తర్వు దించుకుని, అందులో కరెంటు కొనుగోలు ఖర్చు ఎంత భాగమో చూడమనండి. మొదటి ఇరవై పేజీలు బుర్రకెక్కవు, నాకూ ఎక్కలేదు. తర్వాతి విచారణకు వెళ్లి వెనక బెంచీలో కూర్చోమనండి. రైతు సంఘాలవాళ్లు, ఫ్యాక్టరీలవాళ్లు, డిస్కం అధికారులు ఒకే అంకె మీద ఎలా వాదించుకుంటారో వింటే, ఈ పని తనకు నచ్చుతుందో లేదో ఒక్క పూటలో తేలిపోతుంది.

పైన చెప్పిన ఒక మెగావాట్ లెక్కను తన చేత్తో ఎక్సెల్‌లో వేసి నాకు పంపమనండి. వడ్డీ గడిలో 9 తీసి 11 పెట్టినప్పుడు యూనిట్ మీద 2.15 రూపాయలు వస్తే లెక్క సరిపోయినట్టే. రాకపోతే వాయిదాల ఫార్ములా దగ్గర తప్పుంటుంది, అది నేను ఫోన్లో చెబుతాను.